సగం ఫీజుకు రాసిన కాగితం

1766 జూలైలో, వెస్టిండీస్‌లోని మాంట్సెరాట్ అనే చిన్న దీవిలో ఒక రిజిస్ట్రారు సగం ఫీజుకే ఒక దస్తావేజు రాసిచ్చాడు. తీసుకున్నది ఒక గినీ, అప్పటి ఇంగ్లీషు బంగారు నాణెం. రాయించుకున్నవాడు ఇరవయ్యేళ్లు దాటిన నల్లజాతి బానిస కుర్రాడు, ఒలౌడా ఈక్వియానో. తన ఒంటి మీద ఇంకొకరికి ఉన్న హక్కు ఈరోజుతో పోయింది అని రాయించుకోవడానికి వచ్చాడు. రిజిస్ట్రారు ముందు అభినందనలు చెప్పి, ఆ తర్వాత సగం చాలన్నాడట.

నేను గుంటూరులో ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. రిజిస్ట్రారాఫీసుకి దగ్గర్లో ఒక సందులో చిన్న గది. పొద్దున పదింటికి షట్టరు తీస్తే సాయంత్రం దాకా క్రయాలు, గిఫ్టులు, తనఖాలు, వీలునామాలు. ఫీజు నేనూ తగ్గిస్తాను, అందరికీ కాదు. పోయినేడాది ఒక ఇడ్లీ బండి ఆమె వచ్చింది. నలభై ఏళ్లు అద్దె గదుల్లో ఉండి, నల్లపాడు వైపు రెండు సెంట్ల జాగా తన పేరున కొనుక్కుంది. రాసింది చదివి వినిపిస్తుంటే, కొనేవారి పేరు ఉండాల్సిన చోట తన పేరే ఉందా అని రెండుసార్లు అడిగింది. ఆ రోజు ఆమె దగ్గర సగమే తీసుకున్నాను. మాంట్సెరాట్ రిజిస్ట్రారు సంగతి చదవగానే ఆమె మొహమే గుర్తొచ్చింది.

ఈ కథ నా దాకా తెచ్చింది మా అమ్మాయి. ఎంఏ ఇంగ్లీషు చదువుతోంది. ఒక రాత్రి రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మా, ఇది నీ లైనే. 'బై దీస్ ప్రెజెంట్స్' అంటే ఏంటి, బహుమతులా?"

"కాదే, 'ఈ పత్రము ద్వారా' అని. ఇంగ్లీషు పవర్ ఆఫ్ అటార్నీల్లో ఇప్పటికీ అలాగే రాస్తారు."

అది ఈక్వియానో 1789లో లండన్‌లో అచ్చువేయించిన తన జీవితకథలోని పేజీ. విడుదల దస్తావేజుని మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా అందులో ఎక్కించాడు. ఎందుకు ఎక్కించాడో కూడా చెప్పుకున్నాడు. ఒక మనిషి తోటి మనిషి మీద ఎంతటి అధికారం తనదంటాడో ఈ రాతలోనే కనిపిస్తుంది, అందుకే మొత్తం మీ ముందు పెడుతున్నాను అన్నాడు.

నేను దాన్ని మా పద్ధతిలో చదివాను. రాసిచ్చినవారు రాబర్ట్ కింగ్, వర్తకుడు. ప్రతిఫలం, దీవిలో చెల్లే నాణెంలో 70 పౌండ్లు, రొక్కంగా చేతికి ముట్టింది. అంతకుముందు పుస్తకంలో 40 పౌండ్లన్న మాట ఉంది కదా, ఇక్కడ 70 ఏంటి, రాతలో పొరపాటా అని వెనక్కి తిప్పి చూశాను. 40 స్టెర్లింగ్ లెక్క, 70 దీవి నాణెం లెక్క. పొరపాటు లేదు. రాసింది జూలై 10, రిజిస్టరైంది జూలై 11, 'డి' పుస్తకంలో. సాక్షి ఒక్కడే, టెర్రీ లెగే. రిజిస్టరు చేసిన సంతకమూ అతనిదే. మా దగ్గర ఇద్దరు సాక్షులు లేకపోతే ఫైలు ముందుకి కదలదు.

ఇక హక్కుల పేరా. ఇదివరకు ఉన్నవి, ఇప్పుడు ఉన్నవి, ఇకముందు ఏ విధంగానైనా రాగలిగినవి, సమస్త హక్కులు, ఆధిపత్యం, సొత్తు అంతా వదులుకుంటున్నానని కింగ్ రాసిచ్చాడు. ఆ వరస నాకు కొత్త కాదు. మన పాత దస్తావేజుల్లో "నిధి నిక్షేప జల తరు పాషాణ" అని మొదలుపెట్టి అష్టభోగాలూ రాసేవాళ్లు. నేలలో దాగిన నిధి దగ్గర్నుంచి రేపు మొలవబోయే చెట్టు దాకా ఏదీ వదలకుండా రాయడం మా పని. రోజూ చేసే పని. అదే వరస ఒక మనిషి మీద రాసి ఉండటం చూసేసరికి చదువుతున్న వేలు అక్కడే ఆగిపోయింది. అతనికి రేపు కలగబోయే బలం, రేపు నేర్చుకోబోయే విద్య, అన్నిటి మీదా కింగ్‌కి హక్కు ఉండేదన్నమాట, లేకపోతే వదులుకుంటున్నానని రాయాల్సిన పనేముంది?

ఆ 40 పౌండ్లు ఎలా కూడబెట్టాడో అదొక పెద్ద కథ. కింగ్ సరుకులు మోసే ఓడలో దీవి దీవికి తిరుగుతుండేవాడు. మొదటి పెట్టుబడి మూడు పెన్నీలు. సెయింట్ యుస్టేషియస్ దీవిలో ఆ డబ్బుతో ఒక గాజు గ్లాసు కొని, మాంట్సెరాట్ తెచ్చి రెట్టింపుకి అమ్మాడు. మళ్లీ వెళ్లినప్పుడు రెండు గ్లాసులు. తర్వాత మరికొంచెం. మధ్యలో తెల్లవాళ్లు సరుకు లాక్కున్నారు, కొన్నవాళ్లు డబ్బులు ఎగ్గొట్టారు. అడగడానికి అతనికి కోర్టు లేదు. అయినా పోగేశాడు. తీరా డబ్బు తెచ్చి పెడితే కింగ్ వెనక్కి తగ్గబోయాడు. ఇంత తొందరగా సంపాదిస్తావని తెలిస్తే మాట ఇచ్చేవాణ్ణే కాదన్నాడు. ఆ ఓడ కెప్టెన్ ఫార్మర్ పక్కనే ఉండి, ఇక ఇతన్ని వదిలిపెట్టాల్సిందేనని కింగ్ వీపు తట్టాడు. ఆ కెప్టెన్ లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించలేను. నోటిమాట మీద నడిచిన బేరం అది. ఇటువంటి బేరాలు ఎన్ని విరిగిపోయాయో మా గదికి వచ్చేవాళ్లు రోజూ చెబుతుంటారు.

పొద్దున ఇంకొకరి ఇష్టానికి వణికిన నేను రాత్రి కాకముందే నాకు నేనే యజమానినయ్యాను అని రాసుకున్నాడు ఈక్వియానో. ఆ వాక్యం మా అమ్మాయి పైకి చదివింది. నేను లేచి వెళ్లి ట్రంకుపెట్టె తీశాను.

అందులో మా తాత కాగితం ఉంది. నాన్న పోయాక దొరికింది. అప్పటిదాకా ఆయన దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. తాత గుంటూరు పక్క ఊళ్లో ఒక ఆసామి దగ్గర పాలేరు. 1951లో పెద్దత్త పెళ్లికి 140 రూపాయలు తీసుకుని కరారు రాసిచ్చాడు. రాసిచ్చాడంటే, ఎవరో రాస్తే వేలిముద్ర వేశాడు. రూ. 140 రొక్కంగా ముట్టింది గనుక, బాకీ తీరేవరకు మీ ఇంట జీతానికి ఉంటాను, జబ్బు చేసి నేను రాలేకపోతే నా కొడుకు మీ గేదెలు కాస్తాడు. ఆ కొడుకు మా నాన్న. అప్పుడు ఆయనకి ఏడేళ్లు. కాగితం వెనక మూడుసార్లు చెల్లు వేసి ఉంది, మూడూ ఒకే చేతిరాత. చివరిది 1958, "మొత్తం చెల్లు". అంటే ఏడేళ్లు. నాన్న రెండేళ్లు గేదెల వెంట తిరిగాడని మాత్రం నాన్నమ్మ చెప్పేది.

వేలిముద్ర ఊదా సిరాలో ఉంది, ఇప్పటికీ వెలిసిపోలేదు. మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. కొడవలి తెగిన మచ్చ అది. చిన్నప్పుడు తాత బొటనవేలి మీద ఆ గట్టి గీతని నేను గోటితో గీకేదాన్ని. దీపం దగ్గర పెట్టుకుని చూస్తే గీత పక్కన చర్మం ముడతలు కూడా తెలుస్తాయి. సంతకం నేర్చుకున్నవాళ్లెవరూ కాగితం మీద ఇంత ఒళ్లు వదిలి వెళ్లరు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. "రొక్కంగా ముట్టింది" అన్న మాట రెండింటిలోనూ ఉంది. ఒకదాంట్లో డబ్బు బానిస చేతి నుంచి యజమానికి వెళ్లింది, ఇంకోదాంట్లో ఆసామి చేతి నుంచి పాలేరుకి వచ్చింది.

రెండూ ఒకటే అని నేను అనడం లేదు. మా తాతని ఎవరూ సంతలో నిలబెట్టి పళ్లు చూసి అమ్మలేదు. నాన్నని తాత దగ్గర్నుంచి లాక్కుని వేరే ఊరికి అమ్మే హక్కు ఆ ఆసామికి లేదు. అక్కడ ఆ హక్కు చట్టంలోనే ఉంది, పుట్టబోయే పిల్లల మీద కూడా ఉంది. ఆ తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేస్తే వాళ్ల బాధని తక్కువ చేసినట్టే. మన దగ్గర 1976 చట్టంతో వెట్టి బాకీలన్నీ రద్దయ్యాయి. అప్పటికి మా తాత కాగితం తీరి పద్దెనిమిదేళ్లయింది. ఊళ్లో ఇంకెన్ని తీరని కాగితాలు ఉండి ఉంటాయో.

ఆ తర్వాత మూడు వారాలు రాత్రిళ్లు అమ్మాయి చదువుతుంటే నేను వింటూ కూర్చున్నాను. అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి బయటపడ్డ ఫ్రెడరిక్ డగ్లస్ దగ్గరికి వచ్చేసరికి నా పని ఇంకో వైపు నుంచి కనిపించింది. 1845లో వచ్చిన తన కథని ఆయన వయసుతోనే మొదలుపెట్టాడు. నా వయసెంతో నాకు సరిగ్గా తెలియదు, అది రాసి ఉన్న కాగితం ఏదీ నేను చూడలేదు అని. నాట్ల కాలంలో పుట్టాను, కోతల కాలంలో పుట్టాను అని తప్ప బానిసలకి తెలియదట. తెల్లపిల్లలు వాళ్ల వయసు చెప్పుకునేవాళ్లు. తనకి మాత్రం యజమానిని అడిగే వీలు కూడా లేదు.

దస్తావేజులో ప్రతి మనిషికీ వయసు రాయాలి. ముసలివాళ్లని అడిగితే నాకు వచ్చే జవాబులు ఇవే. "బ్యారేజీ కట్టేటప్పుడు నడుస్తున్నానంట", "సాగర్ నీళ్లొచ్చిన ఏడు మా తమ్ముడు పుట్టాడు, నేను పెద్ద", "దివిసీమ ఉప్పెనకి నాకు పెళ్లయింది". ఆధార్ తీసి చూస్తే జనవరి ఒకటో తేదీ. నేను అదే ఎక్కిస్తాను. ఇన్నేళ్లలో అదొక ఇబ్బందిగానే చూశాను గానీ, ఒక మనిషికి తన పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టలేదు అన్న వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

డగ్లస్ విషయంలో మరీ బాధ కలిగించేది, ఆయన పుట్టుక ఒకచోట రాసి ఉండటమే. మేరీలాండ్‌లో ఆయన మొదటి యజమాని ఆరన్ ఆంథోనీ ఖాతా పుస్తకంలో తన బానిసల పుట్టుకలు రాసుకున్నాడు. "ఫ్రెడరిక్ అగస్టస్, హారియెట్ కొడుకు, ఫిబ్రవరి 1818." ఆస్తి పెరిగితే లెక్క రాసుకోవాలి కదా. డగ్లస్ తాను 1817లో పుట్టాననుకునే బతికాడు, 1895లో పోయాడు. ఖాతా పుస్తకంలోని ఆ వరస సంగతి పరిశోధకులు బయటపెట్టేసరికి ఆయన పోయి ఎనభై ఏళ్లు దాటింది. తల్లిని నాలుగైదుసార్లే చూశాడు, అదీ రాత్రిపూట. పన్నెండు మైళ్ల అవతల పొలంలో పని చేసి, చీకట్లో నడిచొచ్చి, పక్కన పడుకుని, తెల్లారేలోపు వెళ్లిపోయేది. ఈ భాగం మా అమ్మాయి గబగబా చదివేసింది. నేనూ ఆపమనలేదు.

1846లో డగ్లస్ ఇంగ్లండ్‌లో ఉండగా అక్కడి స్నేహితులు 150 పౌండ్లు పోగుచేసి ఆయన్ని విడిపించారు. ముందు అప్పటి యజమాని థామస్ ఆల్డ్ తన తమ్ముడు హ్యూ ఆల్డ్‌కి డగ్లస్‌ని 100 డాలర్లకి రాసిచ్చాడు, తర్వాత హ్యూ విడుదల పత్రం రాశాడు. లింకు డాక్యుమెంటు, దాని మీద అసలు డాక్యుమెంటు. టైటిల్ సరిగ్గా నడవాలి కాబట్టి అలా రాసి ఉంటారు. బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లలోనే కొందరు అప్పుడు ఆయన్ని తప్పుపట్టారు. డబ్బు కట్టడమంటే మనిషి ఆస్తేనని ఒప్పుకున్నట్టు కాదా అని. నా మాట చెబుతాను. సిద్ధాంతం ఒడ్డున కూర్చున్నవాళ్లది. కాగితం లేకపోతే ఆయన అమెరికా రేవులో దిగగానే పట్టుకుపోయే వీలుంది. పిల్లలున్న మనిషి, తిరిగి వెళ్లాల్సిన మనిషి. నేనైనా ముందు కాగితం రాయించుకోమనే చెప్పేదాన్ని.

'షెడ్యూలు' అన్న మాట కూడా అప్పుడే నన్ను గట్టిగా తాకింది. మాకు షెడ్యూలంటే దస్తావేజు చివర ఆస్తి వివరం. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు. 1850, 1860లో అమెరికా జనాభా లెక్కల్లో బానిసలకి వేరే కాగితం పెట్టారు, దాని పేరు బానిసల షెడ్యూలు. యజమాని పేరు ఉంటుంది. కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు. బానిస పేరుకి గడి లేదు. బానిసత్వం పోయాక 1870 లెక్కల్లోనే వాళ్లందరి పేర్లూ వచ్చాయి. ఈరోజు తమ పూర్వీకుల్ని వెతుక్కునే అమెరికా నల్లవాళ్లు చాలామంది 1870 దగ్గర ఆగిపోతారు. అవతల వెతకాలంటే ఎవరి ఆస్తిగా ఉన్నారో ముందు వాళ్ల పేరు తెలియాలి.

పేర్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఈక్వియానోకి ఒక ఓడలో మైకేల్ అని, వర్జీనియాలో జేకబ్ అని పెట్టారు. తర్వాత కొన్న నేవీ అధికారి పాస్కల్, గుస్టావస్ వాసా అన్నాడు. నేను జేకబ్‌నే అంటే, ఒప్పుకునేదాకా దెబ్బలు పడ్డాయి. ఆ పేరుతోనే 1759 ఫిబ్రవరి 9న లండన్‌లో బాప్తిస్మం జరిగింది. చర్చి రిజిస్టరులో పుట్టిన చోటు కరోలినా అని ఉంది. ఆఫ్రికాలో ఇగ్బోల మధ్య పుట్టానని ఆయన రాసుకున్నాడు. ఈ రెండింటిలో ఏది నిజమని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రిజిస్టరులోకి ఎక్కేది, ఆ రోజు బల్ల ముందు నిలబడ్డవాళ్లు ఏం చెబితే అది. పన్నెండేళ్ల కుర్రాడి తరఫున ఎవరు చెప్పారో, వాడు ఏం చెప్పగలిగాడో. నేను ఆయన చెప్పుకున్నదే నమ్ముతాను.

మా తాతకీ రెండు పేర్లు. లూథరన్ గుడిలో బాప్తిస్మం పేరు ఒకటి, ఊరు పిలిచిన పేరు ఒకటి. కరారులో ఉన్నది ఊరి పేరు, చివర 'గాడు' తగిలించి. ఆయనకి అప్పటికి నలభై ఏళ్లు పైనే.

మా గుడి కథ తవ్వితే ఇంకో సంగతి తేలింది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1842 జూలై 31న. ఆయన పెట్టిన మిషన్ బడుల వల్లే మా పేటలకి అక్షరం వచ్చింది. నాన్న గేదెలు వదిలి పలక పట్టింది అటువంటి బడిలోనే. ఆయన గుండ్రటి చేతిరాత చూసి ఒక లేఖరి పనిలో పెట్టుకున్నాడు, ఆ పనే నా దాకా వచ్చింది. అదే 1842లో, అదే అమెరికాలో, దక్షిణాదిన చాలా రాష్ట్రాల్లో బానిసకి చదువు చెప్పడం నేరం. అంతకుముందు, చిన్నతనంలో, డగ్లస్ జేబులో రొట్టెముక్కలు పెట్టుకుని, ఆకలితో ఉన్న తెల్లపిల్లలకి అవి ఇచ్చి అక్షరాలు నేర్చుకున్నాడు. ఓడలు కట్టే చోట దుంగల మీద రాసిన గుర్తులు చూసి నాలుగక్షరాలు దిద్దుకున్నాడు. మాకు అక్షరం ఇచ్చిన దేశం వాళ్లకి అక్షరం ఇవ్వలేదు. ఫాదర్ హయ్యర్ మీద నాకున్న గౌరవం తగ్గలేదు, ఈ సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు.

కాగితం ఉంటే చాలా అంటే అదీ లేదు. ఈక్వియానో కళ్లెదుటే జోసెఫ్ క్లిప్సన్ అనే మనిషిని ఓడ మీద నుంచి పట్టుకుపోయారు. సెయింట్ కిట్స్‌లో స్వేచ్ఛగా పుట్టానని సర్టిఫికెట్ తీసి చూపించాడు. చూశారు. చూసి కూడా తీసుకుపోయారు. వర్జీనియాలో 1793 చట్టం ప్రకారం స్వేచ్ఛగా ఉన్న ప్రతి నల్లమనిషీ పేరు నమోదు చేయించుకోవాలి. రిజిస్టరులో వయసు, రంగు, ఎత్తు, మొహం మీదా చేతుల మీదా ఉన్న మచ్చలు. మన టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టు. కాకపోతే ఆ మచ్చల్లో ఎన్ని పుట్టుకతో వచ్చినవో.

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చాక అమ్మాయి, తన ప్రాజెక్టులో తాత కాగితం కూడా పెట్టుకుంటానంది. షాపుకి వెళ్లి స్కాన్ చేశాను, ముందు వైపు, చెల్లులున్న వెనక వైపు. కింద చదవడానికి వీలుగా టైపు కొట్టి ఇవ్వమంది. వేలాది దస్తావేజులు కొట్టిన చేతులు, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కదల్లేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం మా పని, నాన్న నేర్పిందీ అదే. 'గాడు' తీసేస్తే ఆసామి రాసిన రాతని నేను బాగుచేసినట్టవుతుంది. ఉంచితే ఆ పిలుపు మళ్లీ నా చేత్తో పిలిచినట్టవుతుంది.

"ఈక్వియానో ఏం చేశాడో చూడమ్మా" అని అమ్మాయి పుస్తకం మొదటి పేజీ తీసింది. ముందు తల్లిదండ్రులు పెట్టిన పేరు, తర్వాత 'లేక' అని, దెబ్బలు కొట్టి ఒప్పించిన పేరు. రెండూ ఉన్నాయి. కింద, తన చేత్తో తానే రాసింది అని.

కరారుని అక్షరం మార్చకుండా కొట్టాను. పైన తాత బాప్తిస్మం పేరు పెద్దక్షరాల్లో పెట్టి, 'లేక' అని రాసి, ఊరి పేరు రాశాను. దస్తావేజు చివర ఎప్పుడూ ఉండే "వ్రాసినవారు" అన్న చోట ఖాళీ ఉంది. అసలు కాగితంలో అక్కడ ఎవరి పేరూ లేదు. నా పేరు రాసి, పక్కన బ్రాకెట్లో మనవరాలు అని పెట్టి, సంతకం చేసి అమ్మాయికి ఇచ్చాను.